బుద్ధిమంతుడైన బాఖ్

ఉద్యోగిగా చూస్తే యోహాన్ సెబాస్టియన్ బాఖ్ ఒట్టి పనికిమాలినవాడు. నేనలా అంటే మీకు కోపం రావచ్చు గానీ, ఆయనకు జీతమిచ్చిన పెద్దల్లో పలువురు చెప్పింది ఇదే. వాళ్లు రాయించుకున్న మినిట్సు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

1705లో ఆర్న్‌స్టాట్ అనే చిన్న జర్మన్ ఊళ్లో చర్చి ఆర్గన్ వాయించే కొలువులో ఉన్నాడు. వయసు ఇరవై. ఒక విద్యార్థి బసూన్ వాయించే తీరు నచ్చక నోరు పారేసుకున్నాడు. ఆ కుర్రాడు ఓ రాత్రి వీధిలో అడ్డగించి కర్రెత్తితే ఈయన కత్తి దూశాడు. ఆ పంచాయితీ చల్లారిందో లేదో, ల్యూబెక్‌లో బుక్స్‌టెహూడె అనే పెద్దాయన ఆర్గన్ వినాలి, నాలుగు వారాలు సెలవివ్వండని అడిగాడు. పాపం, ఇచ్చారు. దాదాపు 400 కిలోమీటర్లు నడిచి వెళ్లాడని చెబుతారు. నాలుగు వారాలూ నాలుగు నెలలయ్యాక తీరుబడిగా తిరిగొచ్చాడు.

1706 ఫిబ్రవరిలో చర్చి పెద్దలు కూర్చోబెట్టి సంజాయిషీ అడిగారు. సెలవు మాట అలా ఉంచండి, అంతకన్నా పెద్ద నేరం ఇంకోటి ఉంది. నలుగురూ కలిసి పాడే కీర్తన వాయిస్తూ వాయిస్తూ మధ్యలో ఏవేవో వింత స్వరాలు కలిపేస్తున్నాడట. వెనక పాడే జనం దారి తప్పిపోతున్నారట. ఈ ఫిర్యాదు కాగితం మీద ఉంది. ఆ ఏడాదే నవంబరులో మళ్లీ పిలిచి, ఎవరో పరాయి పిల్లను ఆర్గన్ అటక మీదికి ఎక్కించి పాడించావట, ఏ అధికారంతో అని నిలదీశారు.

తర్వాత వైమార్. అక్కడ వేరే సంస్థానంలో మంచి ఉద్యోగం దొరికింది, నన్ను వదిలెయ్యండని డ్యూకు గారి మీద ఎంత పట్టుబట్టాడంటే, 1717 నవంబరులో ఆ డ్యూకు ఆయన్ని దాదాపు నెలరోజులు జైల్లో పెట్టి, ఆ తర్వాత పొమ్మన్నాడు. రాజీనామా ఇచ్చినందుకు జైలుకెళ్లిన ఉద్యోగులు మానవజాతి చరిత్రలో ఎక్కువమంది ఉండరు.

ఆ తర్వాత లైప్‌జిగ్. 1722లో ఆ నగరసభ వారు తమ కొలువుకు మొదట స్వరకర్త టెలెమాన్‌ను అడిగారు. ఆయన ఆ మాట చూపించి హాంబుర్గ్‌లో జీతం పెంచించుకుని కూర్చున్నాడు. తర్వాత గ్రౌప్నర్‌ను అడిగారు. ఆయన యజమాని వదల్లేదు. మూడోవాడు, 1723లో, బాఖ్. ఉత్తములు దొరకనప్పుడు మధ్యములతో సరిపెట్టుకోవాలని ఒక సభ్యుడు అన్న మాట కూడా రికార్డయింది. ఏడేళ్లు తిరిగేసరికి, 1730 ఆగస్టులో, అదే సభలో ఆయన పేరు చెప్పి తిట్టుకున్నారు. పాఠాలు చెప్పడు, చెప్పకుండా ఊళ్లు తిరుగుతాడు, బాగుపడే మనిషి కాదు. కాబట్టి రాబడి తగ్గించాలి. ఆ అక్టోబరులో బాఖ్ ఒక చిన్ననాటి స్నేహితుడికి ఉత్తరం రాసి, మీ వైపు ఏదైనా ఉద్యోగం ఉంటే చూడమన్నాడు. ఊళ్లో ధరలు మండిపోతున్నాయి, పైగా చావుల దగ్గర పాడితే వచ్చే రుసుము కూడా తనకు ముఖ్యమైన ఆదాయం. కిందటేడు గాలి ఆరోగ్యంగా వీచింది, జనం చావలేదు, వంద టాలర్లకు పైగా నష్టం వచ్చింది. సెయింట్ మాథ్యూ పాషన్ రాసిన చేత్తోనే రాసిన ఉత్తరమిది. జనం ఆరోగ్యంగా ఉన్నారని విసుక్కున్న ఉత్తరం.

ఇలాంటి మనిషిని ఏ హెచ్ఆర్ మేనేజరు భరించగలడు?

అందుకే మన కాలం వారు కొత్త బాఖ్‌ను తయారుచేసుకున్నారు. 2019 మార్చి 21న గూగుల్ తన మొదటి పేజీలో బాఖ్ పుట్టినరోజు చేసింది. (ఆయన పుట్టిన నాటి పాత పంచాంగం ప్రకారం మార్చి 21, ఇప్పటి క్యాలెండరు ప్రకారం 31. పుట్టినరోజు పదిరోజులు ముందే జరిగిపోయినా ఈ కొత్త బాఖ్ కిమ్మనలేదు.) మీరు రెండు బార్ల ముక్క ఏదో ఒకటి నొక్కండి, దానికి మిగతా మూడు గొంతులూ బాఖ్ శైలిలో యంత్రం చేర్చి పెడుతుందన్నారు. బాఖ్ నాలుగు గొంతులకు కూర్చిన 306 కోరల్స్‌ను, అంటే చర్చి కీర్తనలను, దానికి నేర్పారు. నేర్పే పద్ధతి కూడా ముచ్చటైనది. రాసిపెట్టిన స్వరాల్లో కొన్నింటిని చెరిపేసి, చెరిపినచోట ఏముండే అవకాశం ఎక్కువో చెప్పమంటారు. తప్పితే దిద్దుతారు. మళ్లీ చెరుపుతారు. జనం మూడు రోజుల్లో ఆ ఆట మీద గడిపిన సమయమంతా కలిపితే 350 ఏళ్లని గూగులే లెక్క చెప్పింది. 65 ఏళ్లు బతికిన బాఖ్ ఐదుసార్లు పుట్టి ఐదుసార్లు పోవచ్చు.

ఆ మూడు రోజుల్లో ఎవరైనా ఎంత పిచ్చిగా నొక్కినా ఆ బాఖ్ విసుక్కోలేదు. కత్తి దూయలేదు. సెలవడగలేదు. ఇంత చెత్త ముక్కకు నేను శ్రుతి కలపనని అనలేదు. ఎవరేం పాడితే దానికి గంగిరెద్దులా తలూపి, మూడు గొంతులూ చేర్చి పెట్టాడు. తప్పులు చేయలేదా అంటే చేశాడు. సంగీత కళాశాలలో మొదటి సంవత్సరం పిల్లలు తిట్లు తినే సమాంతర పంచమాల్లాంటివి దొర్లాయి. అవి బాఖ్ చేసే రకం తప్పులు కావు. ఆయన మీద ఫిర్యాదు వచ్చింది జనం ఊహించని స్వరం వేశాడని. ఈ కొత్త బాఖ్ ఉద్యోగమే జనం ఊహించే స్వరం వేయడం. ఆర్న్‌స్టాట్ చర్చి పెద్దలు 1706లో ఏ బాఖ్ కోసం మొత్తుకున్నారో ఆ బాఖ్ 313 ఏళ్లు ఆలస్యంగా డ్యూటీలో చేరాడు.

వింత స్వరం అంటే ఏమిటో ఒక్క ఉదాహరణ చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే ఇది మన చెవికి బాగా తెలిసిన వింత. 1723లో, లైప్‌జిగ్ చేరిన మొదటి ఏడే, బాఖ్ తన 60వ నంబరు కాంటాటా చివర ఆలె అనే పాత స్వరకర్త ట్యూన్ ఒకటి తీసుకుని నాలుగు గొంతులకు కూర్చాడు. ఇక చాలు, నన్ను పోనీ అని దేవుణ్ని అడిగే కీర్తన. దాని ఎత్తుగడలో నాలుగు స్వరాలు మూడు నిండు మెట్లుగా పైకెక్కుతాయి. మన లెక్కలో షడ్జమం, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, ప్రతి మధ్యమం. మనకది కల్యాణి తలుపు తీసిన చప్పుడు, ఎంతో హాయి. అక్కడి చర్చి సంగీతంలో ఆ మొదటి స్వరానికీ నాలుగో స్వరానికీ మధ్యనున్న దూరం శతాబ్దాలుగా తప్పించుకు తిరిగిన దూరం. ఆ ట్యూన్‌ను ముట్టుకోకుండా వదిలేయవచ్చు, లేదా మెత్తని శ్రుతులతో దాని పదును చంపేయవచ్చు. బాఖ్ రెండూ చేయలేదు. ఆ దూరం కింద ఇంకా ఎగుడుదిగుడు శ్రుతులు పేర్చి, పోయే ప్రాణం గడప దాటుతున్నట్టు వినిపించాడు. 212 ఏళ్ల తర్వాత, 1935లో, ఆల్బన్ బెర్గ్ ఒక చనిపోయిన అమ్మాయి జ్ఞాపకార్థం వయొలిన్ కాన్చెర్టో రాస్తూ బాఖ్ రాసిన వేల పుటల్లోంచి ఈ ముక్కనే ఏరుకున్నాడు. ఏరుకోవలసింది ఎప్పుడూ ఆ అరుదైన ముక్కే. ఎక్కువసార్లు ఏం చేశాడన్నది నేర్చుకునే యంత్రానికి అరుదుగా చేసింది లెక్కలోకి రాని దుమ్ము.

సరే, బాఖ్‌ను బుద్ధిమంతుణ్ని చేశారు. ఇక బీథోవెన్.

ఈయన రికార్డు ఇంకా ఘనం. 1809లో ముగ్గురు పెద్దింటి వాళ్లు, ఒక ఆర్చ్‌డ్యూకు, ఇద్దరు ప్రభువులు, వియన్నా వదిలి వెళ్లకుండా ఉంటే చాలు, ఏటా 4,000 ఫ్లోరిన్లు ఇస్తామని ఒప్పందం రాసిచ్చారు. పని చేయమనలేదు. ఉండమన్నారు. రెండేళ్లలో డబ్బు విలువ పడిపోయింది. 1812లో కిన్‌స్కీ ప్రభువు గుర్రం మీంచి పడి పోయాడు. సంతాపం తెలిపి ఊరుకునే రకమా బీథోవెన్! ఆ ప్రభువు ఆస్తి మీద వెంటపడి, కోర్టుల దాకా లాగి, 1815కి బకాయిలతో సహా రాబట్టుకున్నాడు. మిస్సా సొలెమ్నిస్‌ను ఒకరికి తెలియకుండా ఒకరికి నలుగురైదుగురు ప్రచురణకర్తలకు ఇస్తానన్నాడు. 1822లో లండన్ ఫిల్‌హార్మోనిక్ సొసైటీ కొత్త సింఫనీ కోసం 50 పౌండ్లు ఒప్పుకుంది. అదే తొమ్మిదవది. డబ్బు లండన్‌ది, మొదట విన్నది, 1824లో, వియన్నా, అంకితం పుచ్చుకున్నది ప్రష్యా రాజు. 1827లో జబ్బుపడి మంచం పట్టినప్పుడు అదే సొసైటీ పాత సంగతులు మరచి 100 పౌండ్లు పంపింది. కృతజ్ఞతగా, నా బల్ల సొరుగులో కొత్త సింఫనీ చిత్తుప్రతి ఉంది, అది మీకేనని మార్చి 18న ఉత్తరం రాయించాడు. 26న పోయాడు.

ఆ సొరుగులోంచి దొరికినవి చిల్లర ముక్కలు. అప్పు మాత్రం మిగిలింది. ఆ అప్పు తీర్చే భారాన్ని 2021లో ఒక టెలిఫోన్ కంపెనీ నెత్తికెత్తుకుంది. లండన్ సొసైటీకి కాదు లెండి, తనకే.

డాయిష్ టెలికోమ్ ప్రధాన కార్యాలయం బాన్‌లో ఉంది. బీథోవెన్ పుట్టింది బాన్‌లో. 2020కి 250 ఏళ్ల జయంతి. ముహూర్తం ఇంతకన్నా బాగా ఏ సిద్ధాంతీ పెట్టలేడు. కరోనా అడ్డుపడి ఒక ఏడాది జరిగింది, అంతే. సంగీత పండితులు, రట్గర్స్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ ప్రొఫెసరు, కరాయాన్ పేరు పెట్టుకున్న సంస్థ డైరెక్టరు, అందరూ కలిసి యంత్రానికి బీథోవెన్ రాసినదంతా తాగించి, ఆ చిల్లర ముక్కలు పెంచమన్నారు. 2021 అక్టోబరు 9న బాన్‌లో బీథోవెన్ పదవ సింఫనీ అని వాయించారు. మన సంప్రదాయంలో పితృదేవతలకు ఏడాదికోసారి మనం పెడతాం. ఇక్కడ పితృదేవతను పిలిపించి వంటింట్లోకి పంపి, వడ్డన చేయించుకున్నారు.

ఈ బృందంలో యంత్రం కక్కిన ముక్కల్లోంచి ఏది ఉంచాలో ఏది పారేయాలో చూసిన స్వరకర్త వాల్టర్ వెర్‌జోవా. ఆయన్ని మీరు ఎరుగుదురు. పేరు తెలియకపోవచ్చు గానీ ఆయన రచన మీ ఇంట్లో మోగింది. ఇంటెల్ ప్రకటన చివర టింగుమని మోగే ఆ మూడు సెకన్ల ముక్క ఆయనదే, 1994. అంతకుముందు 1988లో యోడ్‌లింగును డిస్కోలో కలిపి ఎడెల్‌వైస్ అనే బృందంగా ఒక హుషారు పాట చేసిన ముగ్గురిలో ఆయనొకరు. నేను వెక్కిరించడం లేదు. మూడు సెకన్లలో ప్రపంచమంతా గుర్తుపట్టే ముక్క రాయడం చిన్న పని కాదు. పోస్టర్ మీద మాత్రం బీథోవెన్, పత్రికల్లో కృత్రిమ మేధ, మధ్యలో ఆ మనిషి పేరు చిన్న అక్షరాల్లో. ఆ సింఫనీ వాల్టర్ వెర్‌జోవా సింఫనీ అనీ, యంత్రం సాయం చేసిందనీ రాసి ఉంటే అది అబద్ధం కాదు. టికెట్టు తెగదు, అంతే.

విన్నాను. మర్యాదస్తుడి సంగీతం. ఎక్కడో విన్నట్టే సాగి, ఎక్కడో విన్నట్టే ముగుస్తుంది. మధ్యలో ఆర్గన్ వస్తుంది, గంభీరంగా ఉంటుంది. కోపం ఎక్కడా రాదు. ఫిడేలియో ఒపేరాకు ముందు వాయించే ముక్కను నాలుగుసార్లు నాలుగు రకాలుగా రాసినవాడు, రాసిన చోటే నిబ్బు విరిగేలా కొట్టేసినవాడు, ఆ కొట్టివేతల్లో ఉన్నాడు. శిక్షణకిచ్చింది మాత్రం కొట్టివేతలు పోగా అచ్చయిన శుద్ధప్రతులు.

అంతకు రెండేళ్ల ముందే, 2019 ఫిబ్రవరి 4న, లండన్ కడోగన్ హాల్లో హువావే వారు తమ మేట్ 20 ప్రో ఫోను చేత షూబర్ట్ అసంపూర్ణ సింఫనీని పూర్తి చేయించారు. ఫోను! ఫోను మెలోడీలు పలికిందట. వాటిలోంచి ఏరి, కూర్చి, ఆర్కెస్ట్రాకు రాసింది లూకస్ కాంటర్ అనే ఎమ్మీ అవార్డు గ్రహీత. మళ్లీ అదే సర్దుబాటు. ఫోనుకు కీర్తి, పోయినవాడికి పేరు, బతికున్నవాడికి పని.

షూబర్ట్ 1828 నవంబరు 19న పోయాడు. వయసు 31. పోయాక లెక్క రాసిన సర్కారు గుమాస్తా బట్టలు, బూట్లు, పరుపు కలిపి మొత్తం ఆస్తి 63 ఫ్లోరిన్లని తేల్చాడు. అందులో కొంత పాత సంగీతం అన్న పద్దు కింద 10 ఫ్లోరిన్లు వేశాడు. అసంపూర్ణ సింఫనీ ఆ కట్టలో లేదు. అది 1822లో రెండు భాగాలు రాసి వదిలేసింది. ప్రతి ఒక మిత్రుడి పెట్టెలో 1865 దాకా పడి ఉంది. ఆ ఏడాది డిసెంబరులో మొదటిసారి వాయించినప్పుడే, రెండు భాగాలతో ముగిస్తే శ్రోతలు ఏమనుకుంటారోనని భయపడి, షూబర్ట్ కుర్రతనంలో రాసిన మూడో సింఫనీ చివరి భాగం తెచ్చి తోకగా అతికించారు. చచ్చినవాడి పెళ్లికి వచ్చిందే కట్నం.

కాబట్టి కంపెనీలు ఇప్పుడే చెడిపోయాయని అనుకోకండి. 1928లో షూబర్ట్ శతవర్ధంతికి కొలంబియా గ్రామఫోన్ కంపెనీ ఇదే సింఫనీని పూర్తి చేసినవారికి బహుమతి అని ప్రకటించింది. సంగీత లోకం ఛీ కొట్టింది. కంపెనీ నాలుక కరుచుకుని, పోనీ షూబర్ట్ స్ఫూర్తితో కొత్త సింఫనీ రాయండి అంది. పదివేల డాలర్ల బహుమతి స్వీడన్ వాడైన కూర్ట్ ఆటర్‌బెర్గ్ ఆరవ సింఫనీకి వచ్చింది. ఇప్పటికీ దాన్ని డాలర్ సింఫనీ అనే పిలుస్తారు. న్యాయనిర్ణేతల అభిరుచులు కనిపెట్టి, వాళ్లకు నచ్చేలా అక్కడో ముక్క ఇక్కడో ముక్క ఏరి కుట్టాడేమోనని ఎర్నెస్ట్ న్యూమన్ అనే ఇంగ్లిష్ విమర్శకుడు అనుమానపడ్డాడు. యంత్రం చేసే పని మనిషి చేసేశాడన్నమాట, ఫీజుతో సహా. గ్రామఫోన్లు అమ్ముకునేవాడికైనా ఫోన్లు అమ్ముకునేవాడికైనా షూబర్టే ఎందుకు కావాలి? బతికున్న స్వరకర్త సింఫనీకి అడ్వాన్సు అడుగుతాడు, నచ్చకపోతే మారుస్తానని ఒప్పుకోడు, చివరి భాగం నిడివి తగ్గించమంటే తలుపు వేసుకుంటాడు.

వెనకటికి ఇంతకన్నా నిజాయితీగల దొంగలుండేవారు. 1791లో వాల్‌సెగ్ అనే కౌంటు పోయిన తన భార్య కోసం రిక్వియం రాయించుకోవాలని పేరు చెప్పని దూతను మొజార్ట్ దగ్గరికి పంపాడు. మొజార్ట్ సగంలో పోయాడు. మిగతా డబ్బు రావాలంటే పని పూర్తి కావాలి గనక మొజార్ట్ భార్య ఆయన శిష్యుడి చేత పూర్తి చేయించింది. కౌంటు గారు ప్రతి చేతికందగానే తన సొంత దస్తూరీలో ఎత్తి రాసుకుని, 1793 డిసెంబరులో తన రచనేనని వాయించాడు. మహా స్వరకర్త సొమ్ము మీద తన పేరు వేసుకోవడం ఆనాటి డబ్బున్నవాడి దొంగతనం. తన సరుకు మీద మహా స్వరకర్త పేరు వేయడం ఈనాటిది. మొదటివాడికి కనీసం మొజార్ట్ మంచివాడని తెలుసు, డబ్బూ ఇచ్చాడు.

ఇక మనలాంటి రసికుల సంగతి. కంపెనీలను తిట్టి తప్పించుకోలేం.

1997లో ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో ఒక సభ జరిగింది. పియానో మీద మూడు ముక్కలు వాయించారు. ఒకటి బాఖ్, ఒకటి అక్కడే పాఠం చెప్పే స్టీవ్ లార్సన్ బాఖ్ శైలిలో రాసింది, ఒకటి డేవిడ్ కోప్ అనే కాలిఫోర్నియా ప్రొఫెసరు ప్రోగ్రాం రాసింది. ఏది ఎవరిదో చెప్పమన్నారు. సభ తీర్పు: కంప్యూటర్ ముక్క అసలైన బాఖ్, పాపం లార్సన్ గారు రాసింది కంప్యూటర్‌ది. పాతికేళ్లుగా ఈ కథను యంత్రం గెలిచిన కథగా చెబుతున్నారు. నాకు మాత్రం ఒక బతికున్న మనిషిని మనిషి కాదని నిండుసభలో తేల్చిన కథగా కనిపిస్తుంది. ఆయనకు పోయినవాడి పేరు లేదు, యంత్రం కరెంటు లేదు. రెంటికీ చెడ్డాడు.

పేరు మీదే మన చెవులు పనిచేస్తాయని చెప్పడానికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. ఫ్రిట్స్ క్రైస్లర్ అనే వయొలిన్ మహావిద్వాంసుడు, పున్యాని, కూపెరాన్ వంటి పాతవాళ్ల రచనలు ఏదో మఠంలో దొరికాయని చెప్పి దశాబ్దాలపాటు కచేరీల్లో వాయించాడు. విమర్శకులు ఆ పాతకాలపు సొగసును పొగిడారు. 1935లో అవన్నీ నేనే రాశానని తాపీగా ఒప్పుకున్నాడు. ఎర్నెస్ట్ న్యూమన్ మండిపడ్డాడు (డాలర్ సింఫనీని అనుమానించిన ఆయనే). క్రైస్లర్ జవాబు సారాంశం ఏమిటంటే పేరు మారింది గానీ సంగీతం మారలేదు కదా అని. ఈ మాటకు ఇప్పటిదాకా ఎవరూ సరైన సమాధానం చెప్పలేదు. ఫోన్ల కంపెనీల మార్కెటింగ్ విభాగం మాత్రం దీన్ని బట్టీ పట్టింది.

ఆ డేవిడ్ కోప్‌ను మాత్రం ఈ గుంపులో కలపకూడదు. 1981లో ఒక ఒపేరా రాయాల్సి ఉండి, కలం కదలక, తన మెదడుకు సాయంగా ఒక ప్రోగ్రాం మొదలుపెట్టాడు. అది బాఖ్, మొజార్ట్, షోపాన్ ఎవరిలాగైనా రాయడం నేర్చింది. నడవమని మీట నొక్కి, తినడానికి వెళ్లొచ్చేసరికి 5,000 కోరల్స్ తయారై ఉన్నాయన్నది అందరూ చెప్పుకునే కథ. అయిదు వేలు! ఆయన వాటిని బాఖ్ కొత్తగా దొరికాడని అమ్మలేదు; ప్రోగ్రాం పేరే పెట్టాడు. కొన్నేళ్లు పోయాక ఆ ప్రోగ్రాం ఆధారపడిన భాండారాన్ని తన చేత్తోనే చెరిపేశాడు. ఎంతకీ ఆగని కుళాయి నీళ్లకు ఎవరూ దోసిలి పట్టరని ఆయనకు అర్థమైంది. మనిషి రచనకు విలువ రావడానికి మనిషి పోవడం కూడా ఒక కారణం. యంత్రం పోదు గనక తానే చంపాడు. తర్వాతి ప్రోగ్రాముకు ఎమిలీ హోవెల్ అని కొత్త పేరు పెట్టి, ఎవరి శైలీ అరువు తేకుండా నీ తంటాలు నువ్వు పడు అన్నాడు. 2025లో కోప్ పోయాడు. ఒక్క ఫోను కూడా అమ్మకుండానే.

మన దగ్గర ఈ జబ్బు లేదని కాలర్ ఎగరేయడానికి లేదు, కానీ మనకొక మంచి అలవాటు ఉండేది, దాన్ని గుర్తు చేయడం నా ధర్మం. అన్నమయ్య పాటలు తిరుమల రాగిరేకుల మీద మాటలు, రాగం పేర్లతో దొరికాయి. ట్యూన్లు లేవు, పోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు కూర్చుని ఆ పాటలకు స్వరాలు కట్టారు. ఇది అన్నమయ్య కట్టిన వరస అని వారు చెప్పలేదు. స్వరకల్పన ఫలానా వారిదని పాట పక్కనే రాశారు, ఇప్పటికీ రాస్తారు. అన్నమయ్య కూడా ఉద్యోగిగా పనికొచ్చే మనిషి కాదని మనవడు చిన్నన్న రాసిన చరిత్ర చెబుతుంది. వేంకటేశ్వరుడి మీద చెప్పినట్టే నా మీద ఒక శృంగార పదం చెప్పమని సాళువ నరసింగరాయడు అడిగితే చెవులు మూసుకున్నాడట, సంకెళ్లు వేయించుకున్నాడట. ఆ రాజుగారు మన కాలంలో ఉంటే అంత శ్రమ ఎందుకు? అన్నమయ్య శైలిలో, నరసింగరాయ ముద్రతో, శృంగారం, రెండు చరణాలు అని టైపు చేస్తే సరి. పొద్దున్నే నలభై పదాలు. రాజుగారికి నచ్చనిదేదైనా ఉంటే నలభై ఒకటోది.

ఇంత సాగదీశాను గనక ఒక వ్యవహారం చెప్పి ముగిస్తాను. ఐరోపాలో రచయిత పోయి 70 ఏళ్లు నిండితే గానీ అతని సంగీతం కాపీహక్కు నుంచి బయటపడదు. అందుకే కంపెనీల ఇంటర్వ్యూలో బతికున్న స్వరకర్త నెగ్గడు.

"అనుభవమెంత?"

"ముప్ఫయ్యేళ్లండి."

"అది కాదయ్యా. పోయి ఎన్నేళ్లయింది?"

"ఇంకా పోలేదండి."

"మరెందుకొచ్చావు?"

2027 మార్చి 26కి బీథోవెన్ పోయి 200 ఏళ్లు. 2028 నవంబరు 19కి షూబర్ట్ పోయి 200 ఏళ్లు. ఈ రెండు తేదీలూ ఈపాటికి మార్కెటింగ్ క్యాలెండర్లలో ఎర్ర సిరాతో చుట్టి ఉంటాయి. నేను చెప్పాలనుకున్నది మాత్రం వాటి మధ్యలో ఎవరి కంటా పడని మూడో తేదీ. ఫిన్లాండ్ స్వరకర్త జాన్ సిబేలియస్ 1957లో పోయాడు. ఆయన ఎనిమిదవ సింఫనీ కోసం ప్రపంచం ఏళ్ల తరబడి ఎదురుచూసింది. ఇదిగో అదిగో అన్నాడు, ఇవ్వలేదు. 1940ల్లో ఒకరోజు రాతప్రతులెన్నో బట్టల బుట్టలో పోగేసి ఇంట్లో నెగడులో వేసి కాల్చేశాడని భార్యే చెప్పింది. ఎనిమిదవది అందులోనే పోయిందని పండితుల నమ్మకం. బాఖ్ రాజీనామా ఇచ్చాడు, బీథోవెన్ మాట ఇచ్చి తప్పాడు, షూబర్ట్ సగంలో వదిలేశాడు. ఈయన మాత్రం వద్దన్నాడు, మంట పెట్టి మరీ వద్దన్నాడు. మిగిలిన చిత్తుకాగితాల్లోంచి మూడు చిన్న ముక్కలు 2011లో హెల్సింకిలో వాయించారు కూడా. యంత్రానికి మూడు ముక్కలు చాలు, చిల్లర ముక్కలతోనే బీథోవెన్‌ను లేపారు.

2027 డిసెంబరు 31తో సిబేలియస్‌కు 70 ఏళ్ల గడువు తీరుతుంది. జనవరి ఒకటి నుంచి ఆయన ఖాళీ. ఫిన్లాండ్‌కు ఫోన్ల కంపెనీలు కొత్తేమీ కాదు.